వైజాగ్‌లో ఒకే రాత్రి నాలుగు ఇండీ రాక్ బ్యాండ్లు: 150 మంది హాల్లో సాఫీగా నడవాలంటే ఏం చూసుకోవాలి?

సిరిపురం స్ట్రింగ్స్

అందరికీ నమస్కారం. డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం నాలుగు బ్యాండ్లతో లైవ్ నైట్ పెట్టాలని అనుకుంటున్నాం. రెండు వైజాగ్ బ్యాండ్లు, ఒకటి విజయనగరం నుంచి, ఒకటి హైదరాబాద్ నుంచి. పాటలు దాదాపు అన్నీ సొంతవే, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఒక్కో బ్యాండ్ ఒకటో రెండో కవర్లు (వేరేవాళ్ల పాటలు) వాయిస్తుంది.

సిరిపురం వైపు ఒక ఏసీ హాలు మాట్లాడుకున్నాం. 15 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. టైల్స్ నేల, స్టేజికి ఎదురుగా ఉన్న వెనక గోడ నున్నటి ప్లాస్టరింగ్. స్టేజి 20 అడుగులు × 14 అడుగులు. జనం నిలబడే చూస్తారు, 150కి మించకుండా టిక్కెట్లు ఇస్తాం. సౌండ్ అద్దెకు వచ్చేది: 15 అంగుళాల టాప్స్ (జనం వైపు తిప్పే ముఖ్య స్పీకర్లు) రెండు, 18 అంగుళాల సబ్స్ (బేస్ స్పీకర్లు) రెండు, మానిటర్లు (వాయించేవాళ్లకు వినిపించే స్పీకర్లు) నాలుగు, 16 చానళ్ల డిజిటల్ మిక్సర్. హాలు రాత్రి 10కి ఆపేయమన్నారు, మధ్యాహ్నం 12కి తాళం ఇస్తారు.

ఎవరు ముందు ఎవరు తర్వాత, ఎవరికి ఎంత టైము? డ్రమ్స్, యాంప్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలా? పర్మిషన్లు ఏమేం కావాలి? వచ్చేవాళ్లలో చాలామందికి ఇలాంటి షో ఇదే మొదటిది, వాళ్లకు ముందుగా ఏం చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

స్టేజి వెనక మనిషి

ముందు టైము లెక్క తేల్చుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇలాంటి రాత్రులు పాడయ్యేది వాయించడం రాక కాదు, బ్యాండుకీ బ్యాండుకీ మధ్య నలభై నిమిషాలు పోవడం వల్ల. రెండో గ్యాప్‌లో జనం టీకి బయటికి వెళ్తారు, మూడో గ్యాప్‌లో బండి తీస్తారు. చివరి బ్యాండ్ ముప్పై మందికి వాయిస్తుంది. పాపం, ఎక్కువసార్లు ఆ చివరి బ్యాండే దూరం నుంచి వచ్చినది.

మీకు సరిపోయే లెక్క ఇది. గేటు 6కి తెరవండి. మొదటి బ్యాండ్ 6:30 నుంచి 7:05, రెండోది 7:20 నుంచి 7:55, మూడోది 8:10 నుంచి 8:45, చివరిది 9:00కి మొదలై 9:40కి ఆపేయాలి. గ్యాప్ 15 నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ కాదు. 9:40 నుంచి 10 వరకు ఉన్న 20 నిమిషాలే మీ మొత్తం ఊపిరి. దాన్ని ముందే ఎవరికీ మాట ఇవ్వకండి. 35 నిమిషాలంటే మాటలు, ట్యూనింగు కలుపుకుని ఏడు పాటలు. తొమ్మిది పాటల లిస్టు పంపిన బ్యాండును అప్పుడే రెండు తీసేయమని చెప్పండి, స్టేజి మీద ఉండగా చెబితే వినరు.

సౌండ్‌చెక్ తలకిందులుగా నడపాలి. చివర వాయించే బ్యాండ్ ముందు చెక్ చేస్తుంది, మొదట వాయించేది ఆఖరున. అప్పుడు గేటు తెరిచే వేళకు స్టేజి మొదటి బ్యాండ్ సెటప్‌తోనే ఉంటుంది, ఏదీ కదపక్కర్లేదు. 12 నుంచి 2 వరకు సిస్టం, డ్రమ్స్, కేబుళ్లు. 2 నుంచి 3 చివరి బ్యాండ్. మిగతా మూడింటికి నలభై నిమిషాల చొప్పున, 5కి అయిపోతుంది. ఆ తర్వాత గంట ఖాళీ ఉంచండి. అది ఖాళీగా మిగలదు, ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తారు.

డ్రమ్స్ ఒకటే కిట్, నలుగురికీ. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), ర్యాక్ టామ్, ఫ్లోర్ టామ్, స్టాండ్లు ఉమ్మడి. స్నేర్ (డ్రమ్మర్ ముందుండే చిన్న డ్రమ్), సింబల్స్, కిక్ పెడల్, కర్రలు మాత్రం ఎవరివి వాళ్లు. సింబల్ పగిలితే వేల రూపాయలు కాబట్టి ఇవి అరువు అడగరు, ఇవ్వరు. ఇది పది రోజుల ముందే అందరికీ రాసి పంపండి. కిట్ కింద 6 × 6 అడుగుల కార్పెట్ తప్పనిసరి, లేకపోతే టైల్స్ మీదో చెక్క మీదో కిక్ డ్రమ్ పాట పాటకీ ముందుకు జారుతుంది.

సౌండ్‌చెక్‌లో ఒక్కో డ్రమ్మర్ స్టాండ్లు సర్దుకున్నాక ఆ కార్పెట్ మీద కాళ్ల దగ్గర రంగు టేపు ముక్కలు అంటించండి. ఒక్కో బ్యాండుకి ఒక్కో రంగు. గ్యాప్‌లో కొలతలు వెతుక్కోకుండా స్టాండు తెచ్చి గుర్తు మీద పెట్టడమే. ఎడమచేతి డ్రమ్మర్ ఉంటే ఆ బ్యాండును మొదట గానీ చివర గానీ వేయండి. మధ్యలో వేస్తే కిట్ రెండుసార్లు తిప్పాలి.

గ్యాప్‌లో స్టేజి మీద ఎవరుండాలో కూడా ముందే అనుకోండి. దిగిపోయే బ్యాండ్ వైర్లు చుట్టుకుంటూ స్టేజి మీదే నిలబడకూడదు. పెడల్‌బోర్డు, గిటారు, స్నేర్ పట్టుకుని పక్కకు దిగి అక్కడ సర్దుకోవాలి. పొగడ్తలు, ఫొటోలు కూడా అక్కడే.

మిక్సర్ మావయ్య

పైన చెప్పిన టైము లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. సౌండ్ గురించి నేను చెబుతాను.

సొంత పాటల రాత్రికీ కవర్ల రాత్రికీ మిక్సింగులో పెద్ద తేడా ఒకటుంది. అందరికీ తెలిసిన సినిమా పాట వాయిస్తే గొంతు సగం వినిపించినా చాలు, మిగతా సగం జనం నోట్లోనే ఉంటుంది. ఎవరూ వినని పాటకు ఆ సౌకర్యం లేదు. మాట అర్థం కాకపోతే ఆ పాట అక్కడితో సరి. కాబట్టి మీ హాల్లో మొదటి స్థానం గొంతుది, మిగతా అన్నీ దాని కింద. ఇది ఇంజనీరుకి ఒకసారి, గిటారిస్టులకు రెండుసార్లు చెప్పండి.

గొంతు చానళ్లలో 100 నుంచి 120 హెర్ట్జ్ కింద అంతా హై పాస్ ఫిల్టర్‌తో కోసేయండి. గిటార్లలో 250–400 ప్రాంతం కొంచెం తగ్గించి, 2–4 కిలోహెర్ట్జ్ దగ్గర గొంతుకు చోటివ్వండి. రివర్బ్ (మిక్సర్ కలిపే ప్రతిధ్వని) పొదుపుగా వాడాలి. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, రివర్బ్ ఎక్కువైతే ఒక మాట తోక తర్వాతి మాట తల మీద పడి అంతా ముద్దైపోతుంది. మీ హాలుకు సొంత ప్రతిధ్వని ఎలాగూ ఉంది.

ఆ వెనక గోడ సంగతి. స్నేర్ దెబ్బ 15 మీటర్లు వెళ్లి తిరిగి 15 మీటర్లు రావాలి. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ దెబ్బ సుమారు 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా స్టేజికి తిరిగొస్తుంది. డ్రమ్మరుకు అది రెండో దెబ్బలా వినబడి తాళం లాగేస్తుంది. టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర దొరికే మందపాటి తెరలు వెనక గోడకు మడతలు పడేలా వేలాడదీయండి, గోడకు ఒక అరడుగు ఎడంగా. పల్చటి షామియానా గుడ్డ వల్ల ఉపయోగం ఉండదు. ఖాళీ హాల్లో సౌండ్‌చెక్ చేస్తున్నప్పుడు పై శబ్దాలు (సింబల్స్ లాంటి పదును శబ్దాలు) చెవిలో గుచ్చుతున్నాయని బాగా తగ్గించేస్తుంటారు. 150 మంది నిండాక ఒళ్లూ బట్టలూ ఆ పై శబ్దాల్ని పీల్చేస్తాయి, అప్పుడు గొంతు దుప్పట్లోంచి వస్తుంది. ఖాళీ హాల్లో కాస్త ఎక్కువగా అనిపించేలాగే వదిలేయండి.

16 చానళ్లు సరిపోతాయి, కానీ లెక్కగా. కిక్, స్నేర్, రెండు టామ్‌లు, ఓవర్‌హెడ్లు (డ్రమ్స్ పైన పెట్టే మైకులు) రెండు, బేస్ డీఐ (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపే పెట్టె), గిటార్లు రెండు, కీబోర్డుకు రెండు, గొంతులు నాలుగు. పదిహేనయ్యాయి. పదహారోది ల్యాప్‌టాప్‌కి గానీ ఎవరైనా అదనంగా తెచ్చే వాయిద్యానికి గానీ. ఈ వరుస నాలుగు బ్యాండ్లకూ మారకూడదు. కీబోర్డు లేని బ్యాండ్ వస్తే ఆ రెండు చానళ్లు మ్యూట్‌లో ఉంటాయి గానీ అక్కడికి ఇంకోటి పీకి గుచ్చకూడదు. ప్రతి సౌండ్‌చెక్ అవగానే మిక్సర్‌లో సీన్ (ఆ సెట్టింగులన్నీ కలిపి) సేవ్ చేసి బ్యాండ్ పేరు పెట్టాలి. వరుస ఒకటే అయితే గ్యాప్‌లో సీన్ పిలిచి, ప్రతి చానల్‌లో శబ్దం వస్తోందా అని ఒక్క దెబ్బ, ఒక్క తీగ చూసుకుంటే మూడు నిమిషాల్లో అయిపోతుంది. వరుస మారిస్తే ఆ సీన్ ఎందుకూ పనికిరాదు.

మానిటర్ పెట్టే చోటు మైకును బట్టి ఉంటుంది. షూర్ ఎస్ఎం58 కార్డియాయిడ్, దాని చెవుడు సరిగ్గా తోక వైపు. మానిటర్ మైకు వెనక నేరుగా పెట్టాలి. బీటా 58ఏ సూపర్ కార్డియాయిడ్, తోక వైపు కొంచెం వింటుంది, వెనక రెండు పక్కలా చెవుడు. దానికి మానిటర్ కాస్త పక్కకు జరపాలి. ఇది చూడకుండా పెట్టి, కూత (ఫీడ్‌బ్యాక్) వచ్చిందని గొంతు తగ్గిస్తుంటారు. ఇక సింగరు మైకు జాలీని గుప్పిట్లో మూస్తే ఏ మైకైనా కూస్తుంది. వాడని మైకులు మ్యూట్ చేయండి. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందున్న గీత 3 డెసిబెల్స్ కిందికి దిగుతుంది.

ట్యూబ్ యాంప్ ప్రేమికుడు

గిటార్ యాంప్‌ల గురించి ఎవరూ చెప్పలేదు. ఆ హాలుకు 15 నుంచి 22 వాట్ల ట్యూబ్ కాంబో చాలు, రెండు ఉంటే నలుగురికీ సరిపోతాయి. 85, 100 వాట్ల యాంప్ తెస్తే దాని మంచి స్వరం వచ్చే వాల్యూములో సింగర్ గొంతు మునిగిపోతుంది. యాంప్ నేల మీద పెట్టి జనం వైపు తిప్పకండి. దాని పదునంతా నేరుగా వెళ్లే ఒక సన్నటి దారిలోనే ఉంటుంది, అది వాయించేవాడి మోకాళ్ల పక్కనుంచి వెళ్లి ముందు వరుస వాళ్ల మొహాన కొడుతుంది. వాయించేవాడికి వినబడదు, ఇంకా పెంచుతాడు. కుర్చీ మీద ఎత్తులో పెట్టి గానీ వెనక్కి వంచి గానీ అతని చెవి వైపు చూసేలా ఉంచండి. ఇంకా మంచిది స్టేజికి అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పడం.

ఎవరి పెడల్స్ వాళ్లు తెచ్చుకుంటారు కాబట్టి బ్యాండు బ్యాండుకీ స్వరం వేరుగానే ఉంటుంది, ఉమ్మడి యాంప్ అని బెంగ అక్కర్లేదు.

మిక్సర్ మావయ్య

యాంప్ ప్రేమికుడు గారూ, మీరన్నది నిజమే గానీ నాలుగు బ్యాండ్ల రాత్రికి నేనైతే మోడలర్ (యాంప్ స్వరాన్ని అనుకరించే డిజిటల్ పెట్టె) తెచ్చుకున్నవాళ్లను నేరుగా డీఐలోకి రమ్మంటాను. స్టేజి శబ్దం తగ్గుతుంది, గ్యాప్‌లో రెండు వైర్లే మార్చాలి. ఒక షరతు: ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో చేసుకున్న ప్రీసెట్ (సేవ్ చేసిన స్వరం సెట్టింగు) హాల్లో బేస్ ఎక్కువై బురదగా వస్తుంది. స్పీకర్ సిమ్యులేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, అది ఆఫ్‌లో ఉంటే తేనెటీగల గుంపు. అలాగే ప్రీసెట్లన్నీ ఒకే మట్టంలో ఉండాలి. సోలో ప్రీసెట్ 3 డెసిబెల్స్ ఎక్కువుంటే చాలు, 10 ఎక్కువుంటే పాట ఆగిపోయినట్టే.

ట్యూబ్ యాంప్ ప్రేమికుడు

డ్రమ్మర్ నిజం డ్రమ్స్ కొడుతుంటే గిటారు ఒక్కటీ మానిటర్లో సన్నగా వినబడటం నాకు నచ్చదు. ఒక యాంప్ ఉంచండి, ఒకరు డీఐలో రండి. రెండు దారులూ తెరిచి పెడితే ఎవరికి కావలసింది వాళ్లు వాడుకుంటారు.

పేపర్ వర్క్

పర్మిషన్ల సంగతి. ధ్వని కాలుష్య నియంత్రణ నియమాలు 2000 ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6. ఆ వేళల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి మూసిన చోట్ల లోపలివారి కోసం వాడుకోవడానికి మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపు మీ హాలుకు తలుపులు మూసి ఉన్నంతవరకే పనికొస్తుంది. జనం లోపలికీ బయటికీ తిరుగుతూ తలుపు తెరిచి పెడితే పక్క అపార్ట్‌మెంట్‌కు అది మూసిన హాలు కాదు. 10 లోపు ఆపేస్తున్నారు కాబట్టి ఈ తలనొప్పి మీకు లేదు.

పగటి వేళ అయినా లౌడ్‌స్పీకరుకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మన నగరం కమిషనరేట్ పరిధిలో ఉంది కాబట్టి దరఖాస్తు పోలీసులకే. తేదీ, వేళలు, హాలు యజమాని అంగీకార పత్రం, ఎంతమంది వస్తారు, బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు రాసి కనీసం రెండు వారాల ముందు ఇవ్వండి. అనుమతి కాగితం కాపీ గేటు దగ్గర ఒకటి, మిక్సర్ దగ్గర ఒకటి ఉంచండి. ఎవరైనా వచ్చి అడిగితే వెతుక్కుంటూ షో ఆపాల్సిన పని ఉండదు.

డెసిబెల్ పరిమితులు ప్రాంతాన్ని బట్టి ఉంటాయి. కమర్షియల్ ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. నివాస ప్రాంతంలో 55, 45. ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించి ఉంటే అక్కడ 50, 40. ఇవి హాలు లోపలి లెక్కలు కావు, బయట ఆ ప్రాంతంలో ఉండాల్సినవి. వైజాగ్‌లో ఇది చాలామంది మరిచిపోతారు. మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల, ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) గోడల పక్కన హాలు అయితే ముందు దూరం కొలుచుకోండి. సిరిపురం అంటే ఏయూ దగ్గరే కదా, అందుకే చెబుతున్నా.

కవర్లు లైవ్‌గా వాయిస్తే ఆ పాట సాహిత్యం, బాణీ హక్కుల లైసెన్స్ కావాలి, దానికి రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌ను అడగాలి. గ్యాప్‌లో స్పీకర్లలో రికార్డులు వేస్తే అది వేరే హక్కు, సౌండ్ రికార్డింగుది. దానికి పీపీఎల్ లాంటి వాళ్లు ఉన్నారు. ఈ రెండో ఖర్చు తప్పించుకోవాలంటే గ్యాప్‌లో ఆ నాలుగు బ్యాండ్లు సొంతంగా రికార్డు చేసి, హక్కులు తమ దగ్గరే ఉంచుకున్న పాటలే వారి రాతపూర్వక అనుమతితో వేయండి. జనానికి ముందు పరిచయం కూడా అవుతుంది. టిక్కెట్టు 500 రూపాయలు దాటకపోతే సంగీత ప్రదర్శన ప్రవేశ రుసుము మీద జీఎస్టీ లేదు. 499 అని ఎందుకు పెడతారో ఇప్పుడు తెలిసిందిగా.

సిరిపురం స్ట్రింగ్స్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. ఏయూ ప్రహరీ నుంచి దూరం రేపే కొలుస్తాం. ఇంకో మూడు సందేహాలు. విజయనగరం బ్యాండులో డప్పు, వయొలిన్ ఉన్నాయి. హాలు ప్లగ్ పాయింట్లలో ఎర్త్ సరిగా లేదని ఒకరు అన్నారు, గిటారు పట్టుకుని మైకు ముట్టుకుంటే జిల్లుమంటుందట. మూడోది, హైదరాబాద్ బ్యాండ్ గిటార్లు రైల్లో వస్తాయి, ఇక్కడి తేమకు ఏమైనా అవుతుందా?

వైరింగ్ వాసు

రెండోదానికి ముందు జవాబు, ఎందుకంటే ఇది ప్రాణాలతో పని. జిల్లుమనడం రెండు రకాలు. రెండు పిన్నుల ల్యాప్‌టాప్ అడాప్టర్, పెడల్ అడాప్టర్ లాంటివాటిలో ఎర్త్ ఉండదు, లోపలి కెపాసిటర్ల గుండా కొద్దిగా లీకేజీ వస్తుంది. మల్టీమీటరు పెడితే 100 వోల్టుల దరిదాపుల్లో చూపించి భయపెడుతుంది గానీ దాని వెనక కరెంటు చాలా తక్కువ. రెండో రకం గిటార్ యాంప్‌కు ఎర్త్ తెగిపోయి లోపల లోపం ఉండటం. ఇది చంపుతుంది. గిటారు తీగల మీద ఎడమ చెయ్యి, మైకుకు పెదవి, మధ్యలో గుండె. బయటినుంచి చూసి ఏది ఏ రకమో చెప్పలేం కాబట్టి రెండూ ప్రమాదమనే అనుకుని ఆపండి.

లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను షోకి ముందు రోజే తీసుకెళ్లండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే బాగున్నట్టు. ఫేజ్–ఎర్త్ 230కి బాగా తక్కువగా, ఊగుతూ చూపిస్తే ఎర్త్ లేనట్టే. అలాంటి పాయింటు వాడొద్దు. స్టేజి మీది యాంప్లు, పెడల్‌బోర్డులు, మిక్సర్, స్పీకర్లు అన్నీ ఒకే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి, ఒకే ఫేజ్ నుంచి తీయాలి. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. 32 ఆంపియర్ల ఒక ఫేజ్ అంటే దాదాపు 7.4 కేవీఏ, మీ సిస్టంకు సరిపోతుంది. లైట్లు మాత్రం వేరే ఫేజ్ మీద పెట్టండి, డిమ్మర్ల గరగర సౌండ్‌లోకి రాకుండా.

సన్నగా హమ్ వస్తోందని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లు ఉంటారు. ఎవరు చెప్పినా చేయకండి. హమ్ పోవాలంటే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంటుంది, అది సిగ్నల్ దారిలో మాత్రమే తెంపుతుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు.

ఇంకొకటి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లలో డిజిటల్ మిక్సర్ ఆగి మళ్లీ లేవాలి, స్పీకర్లు ఢామ్మంటాయి. మిక్సర్‌కు చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. స్పీకర్లకు, యాంప్లకు అక్కర్లేదు.

డప్పు దరువు

డప్పు తోలుది అయితే వైజాగ్ తేమకు గంటలో నీరసపడుతుంది. సౌండ్‌చెక్ దగ్గర టంగుమన్నది షో వేళకు బొబ్బొబ్బో అంటుంది. మంట మీద కాచుకోవడం హాలు లోపల కుదరదు. ఆరుబయట, టెంట్లకు, బండ్లకు దూరంగా కాచుకుని, వాయించే పది నిమిషాల ముందు లోపలికి తేవాలి. అది కుదరకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో, తోలుకు ఓ జానెడు దూరంలో తిప్పుతూ వేడి చేయొచ్చు. ఒకేచోట పట్టుకుంటే తోలు పగులుతుంది. డప్పు పాటల్ని వాళ్ల సెట్టులో మొదటి రెండు మూడింటిలో పెట్టుకోమనండి. మైకు డైనమిక్ ఏదైనా చాలు, తోలుకు అడుగు దూరంలో, కొంచెం అంచు వైపుకు తిప్పి.

వయొలిన్‌కు మైకు పెడితే అందులో డప్పూ డ్రమ్సూ తప్ప వయొలిన్ వినబడదు. పికప్ (వాయిద్యానికే తగిలించి దాని కంపనాల్ని పట్టేది) తప్పదు. పీజో పికప్‌ను మామూలు డీఐకి నేరుగా కలిపితే కింది స్వరం పోయి కీచుమంటుంది. 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ గానీ యాక్టివ్ డీఐ గానీ ఉండాలి, దానికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చేయడం మరవద్దు. చానళ్లు దాటుతాయి కాబట్టి ఆ బ్యాండుకు కీబోర్డు లేకపోతే ఆ రెండూ వాడుకోండి, అది మిక్సర్ మావయ్య గారి వరుసకు ఒక్క మినహాయింపు. వాళ్లను మొదటే వాయించమంటే మార్చేది ఒక్కసారే.

గిటార్ల గురించి. డిసెంబరులో బయట మరీ ఉక్క ఉండదు గానీ హాలు ఏసీ, స్టేజి లైట్ల వేడి, రెండూ తీగల్ని ఆడిస్తాయి. చల్లబడితే తీగ బిగిసి స్వరం పైకి, లైట్ల కింద వేడెక్కితే కిందికి. కనీసం అరగంట ముందు పెట్టె తెరిచి హాల్లోనే ఉంచాలి, ట్యూనింగు లైట్ల కింద నిలబడి చూసుకోవాలి. పెడల్ ట్యూనర్‌తో మ్యూట్‌లో చేయాలి, టిన్ టిన్ మని జనానికి వినిపించకూడదు. సముద్రపు గాలికి జాక్‌లు, పొటెన్షియోమీటర్లు పాచి పట్టి గరగరమంటాయి. కాంటాక్ట్ క్లీనర్ డబ్బా ఒకటి, గిటార్ కేబుళ్లు మూడు, 10 గేజి తీగల సెట్టు రెండు, డ్రమ్ కీ, స్నేర్ పై తోలు ఒకటి, 9 వోల్టుల బ్యాటరీలు నాలుగు స్టేజి పక్కన పెట్టెలో ఉంచండి.

ముందు వరుస

జనానికి ఏం చెప్పాలో నేను రాస్తాను, ఇది పోస్టర్ కిందే వేయండి.

చెవులు ముఖ్యం. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు భరించొచ్చని లెక్క. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణంలో కూడా వేదికల్లో 15 నిమిషాల సగటు 100 దాటకూడదన్నారు. మీ ఇంజనీరు మిక్సర్ దగ్గర మీటరు పెట్టుకుని 95–97 దగ్గర ఆపితే పాట తాకిడి ఏమీ తగ్గదు. అయినా మూడు గంటలకు అది ఎక్కువే, అందుకే గేటు దగ్గర ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు ఇవ్వండి. పెట్టుకోవడం చూపించాలి: వేళ్లతో సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవి పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేవరకు అర నిమిషం వేలు అదిమి పట్టాలి. అంచున తగిలించుకుంటే ఏ ఉపయోగం లేదు. పాట తేటగానే ఉండి శబ్దం మాత్రమే తగ్గాలంటే ఫిల్టర్ ఉన్న ప్లగ్గులు కొనుక్కోవాలి. పిల్లల్ని తెచ్చేవాళ్లు ఇయర్‌మఫ్‌లు తేవాలి.

ఎక్కడ నిలబడాలి? స్టేజికి ఆనుకుని మధ్యలో నిలబడితే డ్రమ్సూ యాంప్లే వినబడతాయి, గొంతు వచ్చే టాప్స్ మీ తలలకు రెండు పక్కల నుంచి దాటిపోతాయి. మూలల్లో బేస్ పోగుపడుతుంది. మిక్సర్ ముందు రెండు మూడు మీటర్ల చోటు అన్నిటికంటే మంచిది, ఎందుకంటే ఇంజనీరు వింటున్నది అదే. కాబట్టి మిక్సర్‌ను హాలు వెనక మూలకు తోసేయకండి, స్టేజి నుంచి 9, 10 మీటర్ల దగ్గర, మధ్య గీతకు కాస్త పక్కగా పెట్టండి. చుట్టూ తాడు కట్టండి.

మంచినీళ్లు హాలు లోపలే పెట్టండి, మూతల్లేని గ్లాసులు స్టేజి అంచున పెట్టనివ్వకండి. కాంప్లెక్స్ వైపు, గాజువాక వైపు బస్సులో వెళ్లాల్సినవాళ్లు చివరి బ్యాండ్ వినకుండా పోతారు కాబట్టి, 9:40కి ముగుస్తుందని పోస్టర్ మీద స్పష్టంగా రాయండి. ఆ మాట నిలబెట్టుకుంటే రెండోసారి కూడా వస్తారు.

భీమిలి బీట్

దీని తర్వాత రుషికొండ వైపు బీచ్‌లో ఓపెన్ ఎయిర్‌లో చేద్దామనుకుంటే ఏటి తేడా ఉంటుంది గురూ?

మిక్సర్ మావయ్య

చాలా తేడా. గోడలు లేవు కాబట్టి బేస్ నిలబడదు, సబ్స్ కనీసం రెట్టింపు కావాలి. గాలి శబ్దాన్ని వంచుతుంది: గాలి వీచే వైపుకు శబ్దం నేలను పట్టుకుని దూరం పోతుంది, ఎదురుగాలిలో పైకి లేచిపోతుంది. సాయంత్రం సముద్రం నుంచి ఊరి వైపు గాలి వీస్తుంటే, స్టేజి ఊరి వైపు తిప్పారా, మీ పాట కాలనీల్లో వినబడుతుంది, ఫిర్యాదులు మొదలవుతాయి. స్టేజి సముద్రం వైపు తిప్పితే ఎదురుగాలికి వెనక వరుసల్లో పై శబ్దాలు ఎగిరిపోతాయి. తీరానికి సమాంతరంగా తిప్పడం నాకు మేలనిపిస్తుంది. బహిరంగ ప్రదేశం కాబట్టి హద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితికి 10 డెసిబెల్స్ పైన లేదా 75, రెండిట్లో ఏది తక్కువైతే అది దాటకూడదు. మూసిన హాలు మినహాయింపు ఇక్కడ ఉండదు, రాత్రి 10 అంటే 10.

మైకులకు నురుగు తొడుగులు, మిక్సర్‌కూ యాంప్లకూ టార్పాలిన్, స్టాండ్ల కాళ్ల మీద ఇసుక మూటలు కావాలి. ఎర్త్ కోసం ఇసుకలో రాడ్ పాతి ఊరుకోవద్దు, పొడి ఇసుకలో అది పనిచేయదు, జనరేటర్ ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ కొలిచి చూపించాలి. అక్టోబరు, నవంబరు మాత్రం తేదీ పెట్టుకోకండి, తుఫాన్ల కాలం. జనవరి చివర నుంచి మార్చి మొదటి వారం వరకు చూసుకోండి.